పాడేరు బస్సులో కిటికీ

పాడేరు కొండల మీద ఈ ఏడు తొలి మంచు పడిందని పొద్దున్నే వాట్సాప్‌లో చూసి, స్వెట్టరు, మంకీ క్యాపు వేసుకుని చోడవరంలో విశాఖ బస్సెక్కాను. పాడేరు నుంచి దిగివచ్చిన బస్సే అది. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఒళ్లో దుప్పటి మడిచి పెట్టుకున్న ఒక పెద్దావిడ పక్కన సీటు దొరికింది. ఆవిడ మీదుగా చెయ్యి చాపి కిటికీ అద్దం మూశాను. ఆవిడ తెరిచింది. మళ్లీ మూశాను.

“ఉక్కగా ఉంది బాబూ, తియ్యనీ.”

“చలేస్తందమ్మా.”

“ఇదేటి సలి? పొద్దున్న మా డ్రమ్ములో నీల్లు పైన పొర కట్టీసినాయి. పెరట్లో గడ్డి అంతా తెల్లగా అయిపోనాది.”

నేను మాత్రం అద్దం వదల్లేదు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఒళ్లోని దుప్పటి విప్పి నా మీద కప్పేసింది.

“కప్పుకో. కిటికీ జోలికి రాకు.”

పొద్దున్న మంచుకి తడిసిన దుప్పటి అంచు ఇంకా తడిగానే ఉంది. ఆ మంచు చూడ్డానికి జనం కార్లేసుకుని కొండెక్కుతున్నారు. నాకు సబ్బవరం దాకా ఒళ్లోనే ఉంది.

దిగేటప్పుడు దుప్పటి మడతపెట్టి ఇచ్చేశాను. మంకీ క్యాపు మాత్రం తియ్యలేదు. మీరైతే తీసేవారా?