రైట్ అంటే పోనీ

ఎనభైల మొదట్లో, ఉక్కు కర్మాగారం కోసం విదేశాల నుంచి యంత్రాలు దిగుతున్న రోజుల్లో, నన్ను విశాఖపట్నం రేవులో హ్యాచ్ ఫోర్‌మన్‌గా వేశారు. నేను పనిచేసింది ఒక స్టీవ్‌డోరింగ్ కంపెనీలో. అంటే ఓడల్లోకి సరుకు ఎక్కించి, దించే కాంట్రాక్టు సంస్థ. ఓడ అడుగున సరుకు ఉండే గదికి పైన డెక్కు మీద ఉండే పెద్ద ద్వారాన్ని హ్యాచ్ అంటారు. ఒక్కో హ్యాచ్‌కి ఒక కూలీల గ్యాంగు, ఒక క్రేన్ డ్రైవరు, ఒక సిగ్నల్‌మన్. వీళ్లందరి పైన ఒక ఫోర్‌మన్. ఏ పొరపాటు జరిగినా మొదటి సంజాయిషీ ఫోర్‌మన్ రాయాలి.

క్రేన్ డ్రైవరు పైన క్యాబిన్లో కూర్చుంటాడు. తాను ఎత్తుతున్న సరుకు అతనికి సగంసేపు కనపడనే కనపడదు. హ్యాచ్ అంచున నిలబడ్డ సిగ్నల్‌మన్ చేతి సైగలే అతనికి కళ్లు. అందుకే ఒక క్రేనుకి ఒక్కరే సైగ చెయ్యాలన్నది మా పనిలో మొదటి నియమం.

నా డ్రైవరు సింహాచలం. పెందుర్తి దగ్గర పల్లెటూరివాడు. చాలా ఏళ్లు ప్రైవేటు బస్సులో కండక్టరుగా చేసి, ఆ బస్సు మూలపడ్డాక రేవుకొచ్చి, ముందు కూలీగా చేరి, క్రేను నేర్చుకున్నాడు. చెయ్యి చాలా మెత్తన. టన్నుల బరువున్న పెట్టెను దించినా గుడ్డు పెట్టినట్టే ఉండేది. అప్పటికింకా టెంపరరీ. ఆ నెలాఖరుకి పర్మనెంటు చెయ్యబోయేవాళ్ల జాబితాలో అతని పేరుంది. సిగ్నల్‌మన్ ఖాదర్ వన్ టౌన్ మనిషి. ఇద్దరూ ఒకర్నొకరు బావా అని పిలుచుకునేవారు. ఖాదర్ వేలు కదిలిస్తే సింహాచలం క్రేను కదిలేది.

విదేశీ ఓడలు ఎక్కువవుతున్నాయని మా మేనేజరు క్రేన్ డ్రైవర్లకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పమన్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక షెడ్డులో బోర్డు పెట్టి నేర్పాను. లిఫ్ట్ అంటే ఎత్తు, లోయర్ అంటే దించు, లెఫ్ట్ అంటే ఎడమ, రైట్ అంటే కుడి. అందరూ బడిపిల్లల్లా నాతోపాటు అన్నారు. శిక్షణ పూర్తయిందని నేను కాగితం మీద సంతకం పెట్టి పంపించాను.

ఆ తరవాత వారానికే తూర్పు యూరప్ నుంచి ఒక ఓడ వచ్చింది. అందులో కర్మాగారానికి రావలసిన పెద్ద మోటార్ల పెట్టెలున్నాయి. కర్మాగారం నుంచి మా కంపెనీకి అదే మొదటి ఆర్డరు కావడంతో మేనేజరు ధక్కా మీద, అంటే ఓడ ఆనుకుని నిలిచే గట్టు మీద, షామియానా వేయించారు. పురోహితుడు, కొబ్బరికాయలు, కుర్చీలు, కర్మాగారం నుంచి వచ్చిన ఇద్దరు పెద్ద ఇంజనీర్లు. షామియానాకు కాస్త ఇవతల, పెట్టె దింపాల్సిన ట్రైలరు లారీ.

మొదటి పెట్టె హ్యాచ్ లోంచి పైకి లేచే వేళకు ట్రైలరు మీద దుంగలు సరిగ్గా పరచలేదని కబురొచ్చింది. ఖాదర్ సర్దడానికి కిందికి దిగాడు. అతను వచ్చేదాకా క్రేను ఆపి ఉంచడం నా బాధ్యత. కానీ ఓడ చీఫ్ ఆఫీసరు, అంటే కెప్టెన్ తరవాతివాడు, ఆరడుగుల పైన మనిషి, చేతిలో మైకు గొట్టం పట్టుకుని రెయిలింగు దగ్గరికొచ్చి, సైగలు తానే చేస్తానన్నాడు. నా విద్యార్థి ఇంగ్లీషు వింటాడు కదా అన్న ధీమాతో నేను సరేనన్నాను. మొదటి నియమం అక్కడే తప్పాను.

పెట్టె డెక్కు దాటి ధక్కా మీదికి వచ్చింది. ట్రైలరును కొంచెం దాటింది. దాన్ని వెనక్కి, తన కుడివైపుకి తెప్పించాలని చీఫ్ ఆఫీసరు మైకులో "రైట్!" అన్నాడు.

పెట్టె ఆగకుండా అదే దారిన ముందుకు పోయింది.

చీఫ్ ఆఫీసరు గొంతు పెంచి, "రైట్! రైట్!" అని అరిచాడు. క్రేను వేగం పెరిగింది. ఆయన ముఖం ఎర్రబడింది. ఈసారి "రైట్! రైట్! రైట్!" అని ఓడంతా మారుమోగేలా కేక పెట్టాడు. పెట్టె హుషారుగా షామియానా వైపు బయలుదేరింది. నేను క్యాబిన్ కేసి చేతులూపుతూ "రైటు, రైటు!" అని అరుస్తూ పరిగెత్తాను. ఆ అరుపు ఎవరికి, ఎందుకు అని నన్నడిగితే ఇప్పటికీ చెప్పలేను.

కింద ఇంజనీర్లు కుర్చీలు తన్నేసి పరిగెత్తారు. పురోహితుడు కొబ్బరికాయతో సహా ట్రైలరు కిందికి దూరాడు. ఉపన్యాసం కాగితంలో తల పెట్టుకున్న మా మేనేజరొక్కరే నిలబడిపోయారు.

అప్పుడు ట్రైలరు మీంచి ఖాదర్ రెండు చేతులూ పైకెత్తి, "హోల్డాన్! బావా, హోల్డాన్!" అని అరిచాడు.

క్రేను టక్కున ఆగింది. పెట్టె మాత్రం తాడుకి ఊగి, షామియానా గుంజను సుతారంగా తాకింది. మిగతా గుంజలు ఒకదాని వెనక ఒకటి ఒరిగి, గుడ్డంతా మేనేజరు మీద పడింది. ఆయన నాలుగు కాళ్ల మీద బయటికొచ్చారు. పూజ పళ్లెంలోని కుంకుమ ముఖమంతా పరుచుకుంది. ఒక్క క్షణం రక్తమనుకున్నాను. ఆయన తుమ్మారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పెట్టెకు గీతైనా పడలేదు.

మర్నాడు ఉదయం మేనేజరు గదిలో విచారణ. ఆయన, టైపిస్టు, చీఫ్ ఆఫీసరు, నేను, ఖాదర్, సింహాచలం. సింహాచలాన్ని తీసేస్తూ రాసిన ఉత్తరం సంతకం కోసం బల్ల మీద సిద్ధంగా ఉంది. అతను ఉతికిన చొక్కా వేసుకొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మేనేజరు కూర్చోమంటే బెంచీ చివర కూర్చున్నాడు.

చీఫ్ ఆఫీసరు తన కుడిచెయ్యి ఎత్తి చూపించి, తాను స్పష్టంగా చెప్పానన్నాడు. మేనేజరు సింహాచలం వైపు తిరిగి, ఆయన రైట్ అన్నది వినపడిందా లేదా అని అడిగారు.

"ఇనపడింది బాబూ. రైట్ అన్నారు, నాను పోనిచ్చీసేను. మల్లీ రైట్ రైట్ అన్నారు. బేగి పొమ్మంతన్నారనుకున్నాను. హోల్డాన్ అని ఒక్కలూ అన్లేదు. బావ అన్నాడు, ఆపీసేను."

మేనేజరు అది రాసుకుంటూ, తన అలవాటు ప్రకారం, "రైట్" అన్నారు.

సింహాచలం లేచి, దణ్ణం పెట్టి, గుమ్మం దాకా వెళ్లిపోయాడు.

ఎక్కడికని మేనేజరు గద్దించారు. అతను కంగారుపడి వెనక్కొచ్చి కూర్చున్నాడు. మేనేజరు నన్ను, మీరు నేర్పిన పాఠంలో ఈ మాట ఉందా అని అడిగారు. ఉందన్నాను. "రైట్, అయితే..." అని ఆయన ఇంకా ఏదో అనబోతుండగానే సింహాచలం మళ్లీ లేచి గుమ్మం పట్టుకున్నాడు.

"ఏటి బాబూ, ఉండమంతారా, ఎల్లమంతారా? ఏదో ఒకటి సెప్పండి," అన్నాడు, ఏడుపు గొంతుతో.

ముందు టైపిస్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఖాదర్ కిటికీ వైపు తిరిగాడు. నేను చీఫ్ ఆఫీసరుకు ఇంగ్లీషులో విషయం వివరించాను. మన బస్సుల్లో కండక్టరు రైట్ అంటే బస్సు కదలాలి, రెండుసార్లంటే తొందరగా కదలాలి, హోల్డాన్ అంటే ఆగాలి. ఈ మనిషి ఏళ్ల తరబడి ఆ మాటతోనే బతికాడు. చీఫ్ ఆఫీసరు తాను ఎన్నిసార్లు ఆ మాట అరిచాడో వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం మొదలెట్టి, సగంలో బల్ల మీద తల వాల్చి పగలబడి నవ్వాడు. ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

ఖాదర్ గొంతు సవరించుకుని, "సార్, యూనియన్ మీటింగులో రైట్ అంటే హక్కు అని కూడా అంటారు సార్," అన్నాడు. మేనేజరు అది విని, "ఆల్ రైట్, ఆల్ రైట్, ఇంక చాలు!" అన్నారు. సింహాచలం బెంచీ మీంచి సగం లేచాడు. దాంతో మేనేజరు కూడా ఆపుకోలేకపోయారు. కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుంటూ, దయచేసి ఎవరైనా ఇతన్ని పట్టుకోండని బతిమాలారు. గది బయట గుమాస్తాలు పోగయ్యారు.

నవ్వులు తగ్గాక నేను చెప్పాల్సింది చెప్పాను. సిగ్నల్‌మన్ లేకుండా క్రేను నడవనిచ్చింది నేను. ఆ మాటకు ఒక్క అర్థమే ఉన్నట్టు నేర్పిందీ నేనే. డ్రైవరు తాను విన్నదాన్ని తనకు తెలిసినట్టు చేశాడు, ఆగమన్నప్పుడు ఆగాడు. మేనేజరు బల్ల మీది ఉత్తరాన్ని తీసి చింపేశారు. నా పేర రాతపూర్వకమైన హెచ్చరిక ఒకటి టైపు చేయించారు. అది న్యాయమే. నెలాఖరుకి సింహాచలం పర్మనెంటయ్యాడు. నాకు రావలసిన ప్రమోషను మాత్రం ఏడాది వెనక్కి పోయింది.

ఆ రోజే కొత్త పద్ధతి పెట్టాం. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరికి కుడి ఒకటే కాదు. అంచేత ఆ మాటా, ఎడమా రెండూ నిషేధించాం. బదులేమిటన్న ప్రశ్నకు జవాబు ఖాదర్ దగ్గర దొరికింది. ఓడ మీద ఎక్కడ నిలబడినా ఒక పక్క కొండ కనిపిస్తుంది, రెండో పక్క ఊరు కనిపిస్తుంది కదా అన్నాడు. కొండ, ఊరు, ఎత్తు, దించు, ఆపు. అయిదు మాటలు సరిపోయాయి. చీఫ్ ఆఫీసరు వాటిని తన అక్షరాల్లో అరచేతి మీద రాసుకున్నాడు. సైగలు మళ్లీ ఖాదర్‌వే అయినా, ఆయన ఊరుకోలేక పక్కన నిలబడి, "కోండా! ఊరూ!" అని మైకులో వంత పాడేవాడు. పక్క ఓడల దగ్గరి కూలీలు పని మానేసి వినేవారు. మిగిలిన పెట్టెలన్నీ ఒక్క గీత పడకుండా దిగాయి.

తరవాత నేను సూపర్‌వైజరునయ్యాను, చాలామంది కింద పనిచేశారు. ఎవరికి ఏ పని చెప్పినా, తెలిసిందా అని అడగలేదు. ఆ ప్రశ్నకు అందరూ తెలిసిందనే అంటారు. ఇప్పుడు నువ్వేం చేస్తావో చెప్పు అని అడిగేవాణ్ణి. వచ్చిన జవాబుల్లో మూడోవంతు నేను చెప్పిన పనికి సంబంధం లేనివి. వాటిని పని మొదలుకాకముందే సరిచెయ్యడానికి రోజుకు పావుగంట పట్టేది. నా ఉద్యోగంలో అంతకంటే బాగా ఖర్చుపెట్టిన సమయం లేదు.