టీ తాగని ఓబులేసు, నా రెండు తలుపులు

నా చేతి చలవతో ఫ్యాక్టరీ గేటు దగ్గర యుద్ధం మొదలైందన్న వార్త నాకు మొట్టమొదట మోసుకొచ్చింది మా క్యాంటీను నడిపే మస్తాన్‌బీ.

"పాపా, నువ్వీడ పూలు పెట్టుకుంటా కూచ్చున్యావు. ఆడ గేటు కాడ జనాలు చొక్కాలు పట్టుకుంటాండారు. నీ కంప్యూటరు గూడా పార్టీలు కట్టిందంట!"

కొత్త ఏర్పాటుకు అది మొదటి రోజని, కంప్యూటరుకు కుంకుమ బొట్టు పెట్టి దండం పెట్టుకుంటున్నాను. దేవుడు నా మొర విన్నాడు గానీ నా ప్లాను చూసినట్టు లేదు.

జమ్మలమడుగు దగ్గరి ఆ ఫ్యాక్టరీలో నాకు అప్పగించిన పని చిన్నదే. సెలవులు, పీఎఫ్, ఆసుపత్రి బీమా కార్డు అన్నీ ఒక్క పేరు, ఒక్క పాస్‌వర్డుతో తెరుచుకోవాలి. సింగిల్ సైన్ ఆన్ అంటారు. అందులోకి ఎవరెవరిని రానివ్వాలో జాబితా రాసివ్వాలి, అంతే.

నేనేమో సింహాద్రిపురం పక్క పల్లెలో పెరిగినదాన్ని. బడికి దారి అవతలి పార్టీ వీధిలోంచి పోతుందని నాన్న ఇంట్లోనే చదువు చెప్పాడు. ఆయన దిద్దించిన అక్షరాలే ఈనాటికీ నాకు అన్నం పెడుతున్నాయి. మా ఊళ్లో పార్టీకొక బోరు, పార్టీకొక మంగలి. పులివెందుల బస్సు కూడా రెండు చోట్ల ఆగేది. అలాంటి నాకు "అందరికీ ఒకే తలుపు" అనగానే గుండె గుభేలుమంది. అందులోనూ ఎన్నికల ముందు! ఎదురుపడితే తలలు పగలవూ? లాగిన్ పేజీలో మనుషులు ఎదురెలా పడతారమ్మా అని మీరు అడగొచ్చు. అప్పట్లో నన్నెవరూ అడగలేదు.

అందుకని తెలివిగా పార్టీకొకటి చొప్పున రెండు తలుపులు పెట్టించాను. నీది ఏ పార్టీ అని అడగడం మర్యాద కాదు కదా! గేటు బయట పార్టీకొకటిగా ఉన్న రెండు టీ అంగళ్లకు ఎదురుగా మూడు రోజులు నిలబడి, ఎవరు ఎక్కడ తాగుతున్నారో చూసి రాసుకున్నాను. పోలీసులు కూడా అంత శ్రద్ధగా నిఘా పెట్టి ఉండరు.

గేటు దగ్గరికి పరుగెత్తాను. మా తలుపు గొప్పదంటే మా తలుపు గొప్పదని రెండు పార్టీలవాళ్లూ కలబడుతున్నారు. క్రేను నడిపే ఓబులేసు ఫోను పట్టుకొని అటూ ఇటూ పరుగులు తీస్తున్నాడు. భార్యను ప్రొద్దుటూరు ఆసుపత్రిలో పురుటికి చేర్చారు. ఆపరేషను చేయాలి, బీమా కార్డు చూపించమంటున్నారు. ఈ తలుపు తడితే "మీకు ప్రవేశం లేదు". ఆ తలుపు తట్టినా అదే మాట.

"నువ్వు యాడ టీ తాగుతావు ఓబులేసూ?"

"నేను టీనే తాగను మేడం! కడుపులో మంట!"

ఆ మాట వినపడిందో లేదో, రెండు అంగళ్ల నుంచీ రెండు గ్లాసులు పరుగెత్తుకొచ్చాయి.

"ఒక్క గుక్క తాగు మామా, మేడం మా లిస్టులో ఎక్కిస్తాది!"

"వాళ్లది తాగితే నీకూ మాకూ మాటల్లేవు. ఇది తాగు!"

"నా పెండ్లాం ఆడ నొప్పులు పడతాంటే టీ ఏందిరా మీకు!" ఓబులేసు గావుకేక పెట్టాడు.

మస్తాన్‌బీ ఆ గ్లాసులు రెండూ లాక్కొని నేలపాలు చేసింది. "పాపా, ఈ రెండు పార్టీలోళ్లూ నా క్యాంటీన్లో ఇన్నేండ్లూ ఒకే కుండ సంగటి తింటాండారు. ఎవురి తల పగిలింది? హాజరు పుస్తకంలో అందరి పేర్లూ ఒక్కతావునే ఉండాయి గదా, అదే ఎక్కించు పో!"

హాజరు పుస్తకం! అది నా బల్ల మీదే, కుంకుమ భరిణె కింద ఉంది.

అందులోని పేర్లన్నీ పంపి, కంప్యూటరు వాళ్లకు ఫోను చేసి బతిమాలితే కాసేపట్లో రెండు తలుపులూ ఒకటయ్యాయి. ఓబులేసు కార్డు తెరుచుకుంది. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. దేవుడికి, మస్తాన్‌బీకి, హాజరు పుస్తకానికి వరసగా దండం పెట్టుకున్నాను.

కుంకుమ భరిణె మీద చెయ్యి వేసి చెబుతున్నాను, ఇక ఈ జన్మలో టీ గ్లాసు చూసి మనిషిని ఏ లిస్టులోనూ వెయ్యను. మీరు మాత్రం టీ తాగేటప్పుడు మా మస్తాన్‌బీని ఒక్కసారి తలుచుకోండి. ఏ అంగట్లో తాగినా సరే, నేను రాసుకోను.