రేకు పక్కన నలభై వాట్ల బల్బు

సోమవారం సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు మా మనవరాలి ప్లాస్టిక్ రేకును బీరువాలో పెట్టాను. టైము తప్పు చెప్పను; ముప్పై ఒక్కేళ్ళు ఓడల రాకపోకలు రాసిన చెయ్యి ఇది.

మర్నాడు పదకొండింటికి ఆ పిల్లకు కంప్యూటరులో ఇంటర్వ్యూ. మెయిన్‌ల్యాండ్‌లో పరిశోధన సీటు ఒక్కటే ఉంది. దానికోసం సముద్రానికి ఇవతల, ఈ దీవిలో లంబాలైన్‌లోని మా భోజనాల బల్ల మీదే ప్రయోగం చేసి చూపించాలి.

నాకు అర్థమైనంత చెబుతాను. వెలుగు ముందుకు పోతూ అడ్డంగా కంపిస్తుంది. ఆ కంపనానికో దిశ ఉంటుంది. ఈ రేకును మర బిగించి లాగితే లోపలి బిగువు ఆ దిశను తిప్పుతుంది. రెండు నల్లటి ఫిల్టర్ల మధ్య రేకును నిలబెట్టి మర తిప్పుతుంటే గోడ మీద లేజర్ ఎర్రచుక్క వెలుగుతూ ఆరుతూ ఉండేది. పెద్ద ల్యాబుల్లో రేకు వెంట్రుక కంటే పలచనట. మర కూడా అక్కర్లేదు, వెలుగే దాన్ని తోస్తుందట. బరువు లేనిది తోయడమేమిటని అడిగాను.

"తాతయ్య కుర్చీలోంచి లేవకుండా ఇంటిల్లిపాదినీ తోసీవోడు కదా నానమ్మా, సేమ్ అలాగే" అంది.

ఆ ఒక్క పాఠం వెంటనే అర్థమైంది.

మా ఇంటి రేకు ఒకటి సరిగ్గా రావడానికి ఆ పిల్లకు పంతొమ్మిది రోజులు, ఇరవై ఆరు ప్రయత్నాలు పట్టాయి. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పింది. ఎవరూ అంటే మిగతావాళ్ళని నేననుకున్నాను.

మూడు రోజులుగా వాన. ఇక్కడ చెప్పులకూ, ఫోటోలకూ, కెమెరా అద్దాలకూ కూడా బూజు పడుతుంది. అందుకే బీరువా అడుగున బల్బు వెలిగించి ఉంచుతాం. ఎల్ఈడీలకు వేడి చాలదని నేను పాతకాలం బల్బులు దాచుకున్నాను. ఆ పిల్ల మిడిల్ పాయింట్‌కు ప్రింట్లు తీయించుకోవడానికి వెళ్ళినప్పుడు రేకు మీద ఆవిరి మచ్చ చూశాను. స్టీలు పళ్ళెంలో పెట్టి, వాన ఎక్కువగా ఉంది కనక బల్బుకు మరీ దగ్గరగా జరిపాను. తిరిగొచ్చి రేకేదని అడిగితే, పొడిగా, భద్రంగా ఉందన్నాను. నమ్మింది.

మంగళవారం ఉదయం ఏడున్నరకు బీరువా తెరిచింది. మొత్తం పదిహేను గంటల పది నిమిషాలు. రేకు వేయించిన అప్పడంలా ముడుచుకుపోయింది.

"అరే భగవాన్! నానమ్మా, ఏటి చేసినావ్?"

"బూజు పట్టేస్తాదని పెట్టినానే. నలభై వాట్లే కదా."

"ఇది నీ పట్టుచీర అనుకున్నావా? వేడికి లోపలి బిగువంతా పోతాది!"

"మరి ముందే చెప్పాల కదా."

"ముట్టుకోవద్దని చెప్పినాను కదా!"

నేను ఖాళీ పళ్ళెం తీసుకెళ్ళి కడిగాను.

పదకొండింటికి ఆ ముడుచుకున్న రేకునే మరలో బిగించింది. ఎంత తిప్పినా చుక్క ఒక్కలాగే ఉంది. ఏమైందని కంప్యూటరులోవాళ్ళు అడిగారు. కర్టెన్ వెనక నేను వింటున్నాను. "అనుకోని ఉష్ణమూలం" అని అర్థం వచ్చేలా ఇంగ్లీషులో చెప్పింది. అరవై తొమ్మిదేళ్ళలో నన్నెవరూ అంత మర్యాదగా పిలవలేదు.

శుక్రవారం జవాబు వచ్చింది. సీటు వేరొకరికి ఇచ్చారు. ఆ రోజే బీరువాలో బల్బు తీసేశాను. వాన మాత్రం ఆగలేదు.

పోయినవి: రేకు ఒకటి. సీటు ఒకటి. బల్బు తీసేశాక బూజు పట్టిన పట్టుచీరలు రెండు. మనవరాలు నాతో మాట్లాడని రోజులు తొమ్మిది. పదో రోజు కొత్త రేకు మొదలుపెట్టి, ముందుగా నన్ను బీరువా తాళంచెవి అడిగి తీసుకుంది. అదీ ఒకటి.