తొడ పన్ను

ఆ రోజుల్లో మాకు పన్నులకు కొదవ లేదు. దొర గడీలో పెళ్లయినా మేమే ఇచ్చుకోవాలి, పుట్టువెంట్రుకలు తీసినా మేమే ఇచ్చుకోవాలి. అందుకేనేమో, గుర్రప్పందేల మీద సర్కారు పన్ను వేస్తోందని పత్రికలో చదివి పక్కింటి పెద్దమనిషి "ఎంత అన్యాయమండీ" అని వాపోతుంటే నాకు లోలోపల నవ్వొస్తుంది. దేవరకొండకు అవతల మా ఊళ్లో నేను మగ్గం గుంటలో దిగిన కొత్తలోనే పందెం మీద పన్ను ఉండేది. రూపాయల్లో కాదు, తొడల్లో.

అంగడి నాడు పొద్దు వాలాక మేం సాలోళ్లం మగ్గాలు ఆపి, రైతులు నాగళ్లు విప్పి, వాగు ఇసుకలో కోడిపందేలకు చేరేవాళ్లం. కోళ్లకు కత్తులు కట్టే అలవాటు మాకు లేదు. పారిపోయిన కోడి ఓడినట్టు, అంతే. ఎవరికున్నది వాళ్లు కాసేవారు. ఒకరు సోలెడు జొన్నలు, ఒకరు చుట్టలు, నేను కండెడు నూలు (మా అవ్వ కంట పడకుండా; అమ్మను మేం అవ్వ అంటాం). ఓడిన కోడి గెలిచినవాడి కూరకుండలోకి పోయేది. కాని అంతకంటే ముందు దాని తొడ ఒకటి గడీకి పోవాలి. ఆ తొడ కోసి, మోదుగాకులో చుట్టి, దొరకు ముట్టజెప్పే పని మా బావది, అంటే మా అక్క పెనిమిటిది. వాళ్ల నాయన నుంచి దిగిన పని. ఊరంతా ఆయన్ను 'తొడల బావ' అనేది, ఆయన కూడా అదేదో బిరుదైనట్టు పలికేవాడు.

అంతలో దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టుల సంఘం వచ్చింది, దొర పట్నం పారిపోయాడు. సంఘం పిలగాళ్లు ఊళ్లో సభ పెట్టి ఇక వెట్టి లేదు, పన్ను లేదు అంటే అందరం చప్పట్లు కొట్టాం. బావ ఒక్కడే లేచి నిలబడ్డాడు.

"గదంత మంచిగనే ఉన్నది. మరి తొడ ఎవ్వలకియ్యాలె?"

"ఎవ్వలకియ్యొద్దన్నా. పంద్యాలు గూడ బంజెయ్యుండ్రి" అన్నాడు వాళ్ల నాయకుడు.

మొదటి మాట మాకు బాగా నచ్చింది. రెండో మాట ఎవరూ చెవిన పెట్టలేదు. మరుసటి అంగడి నాడు పందెం మామూలుగానే జరిగింది, బావ మామూలుగానే తొడ కోశాడు, కోసిన తరువాత ఆకు పొట్లం పట్టుకొని ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాడు. "నువ్వే తినరాదు బావా?" అన్నాను. "పన్ను దింటె అరుగుతాదిర?" అని నా మీదికి లేచాడు. చివరికి పోలీసులకు చిక్కకుండా గుట్టల్లో దాక్కున్న సంఘం వాళ్లకే మోసుకెళ్లాడు. వాళ్లు వద్దే వద్దన్నారట. జొన్న గట్క తాగి తాగి నాలుక చచ్చినవాళ్లు పాపం ఎంతసేపని వద్దంటారు? అట్లా దొర పన్ను ఎవరూ అడగకుండానే సంఘం పన్ను అయిపోయింది.

పోలీసు యాక్షన్ తరువాత సంఘం వాళ్లను పట్టుకోవడానికి మిలిట్రీ దేవరకొండలో క్యాంపు వేసింది. సంఘానికి పన్ను వసూలు చేసిందెవరని జవాన్లు ఊరూరా అడుగుతుంటే మా ఊరి అమాయకుడొకడు "ఇంకెవ్వలు, మా తొడల బావ!" అని ఉత్సాహంగా చెప్పాడు, ఏదో దండ వేస్తారనుకొని. వాళ్లు బావను లారీ ఎక్కించారు. అట్లా లారీ ఎక్కి మళ్లీ రానివాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. నిండు చూలాలైన అక్క గడపలో కూలబడి ఏడవను కూడా ఏడవలేదు. అవ్వ మాత్రం మా ఇంటి పుంజులు రెండింటినీ గంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి, నా నెత్తికెత్తి "నడువు" అంది.

క్యాంపులో బావ చేతులు కట్టేసి ఉన్నాయి. ఆఫీసరు ఉత్తరాది మనిషి. ఆయన మాట మాకూ, మా మాట ఆయనకూ చెప్పడానికి మధ్యన దుబాసీ ఒకడు.

"ఎంత వసూలు జేసినవంటున్నరు" అన్నాడు దుబాసీ.

"పంద్యానికొక తొడ" అన్నాడు బావ.

"తొడ అంటె తుపాకియా అని అడుగుతున్నరు. మీ సంఘపోళ్లు పెట్టుకున్న దొంగపేరా?"

"కాదయ్యా. తొడ అంటె తొడనే."

ఆఫీసరు బల్ల గుద్దాడు. అవ్వ ముందుకొచ్చింది. "గీ కోళ్లను ఇడుస్త, నీ కండ్లతోని సూడు దొరా. ఓడినదాని తొడనే మావోడు తెస్తడు. గంతకు మించి వానికేం దెల్వది" అంటూ గంప బోర్లించింది. మా పుంజులు రెండూ ఒక్క గంప కింద పెరిగినవి. అవి ఒకదాన్నొకటి చూసుకొని, ఏమీ తోచక, జవాన్ల బూట్ల మధ్య పడిన మెతుకులు ఏరుకు తినసాగాయి. "థూ, మీ జాతిల మన్నువొయ్య! కొట్లాడుండ్రే!" అని అవ్వ నెత్తి కొట్టుకుంది. ఆఫీసరు మొహం ఇంకా ముడుచుకుంది. బావ నన్ను చూశాడు, నేను నేలను చూశాను.

అదృష్టం, వంటవాడు కూర కోసం కట్టేసుకున్న ఎర్ర పుంజు తాడు తెంపుకొచ్చి మా రెండింటిలో నల్లదాని మీద పడింది. అంతే, ఇసుక లేచింది. జవాన్లు గుమిగూడారు. ఎవరో ఎర్రదాని మీద సిగరెట్లు కాశారు. నాకేమైందో నాకే తెలియదు, గట్టిగా అరిచాను: "నల్లదాని మీద నా తువ్వాల!" (అవ్వ నన్ను చూసిన చూపు చెప్పను.)

ఎర్రది తోక ముడిచి వంటశాల వైపు పరుగెత్తింది. ఎవరూ అడగకుండానే బావ, "కట్లిప్పుండ్రి, తొడ గొయ్యాలె" అన్నాడు. దుబాసీ చెప్పింది విని ఆఫీసరు తల ఊపాడు. కత్తి చేతికిస్తే బావ ముందుగా గుడారాల వెనక మోదుగాకు కోసం వెతకబోయాడు, తుపాకులు పట్టుకొని జవాన్లు వెంట నడిచారు. ఆకు దొరికాకే, వంటవాడు పట్టి తెచ్చిన ఎర్రదాని తొడ కోసి, పొట్లం కట్టి, రెండు చేతులతో ఆఫీసరు ముందు పెట్టాడు. "గిది సర్కారుది."

ఆఫీసరు పొట్లాన్నీ బావనూ మార్చి మార్చి చూశాడు. "వీడు ఎవరు వస్తే వాళ్లకిస్తాడు" అన్నాడు తన భాషలో. ఆ మాత్రం ఉర్దూ మాకూ అర్థమవుతుంది. తరువాత కడుపు పట్టుకొని నవ్వి, ఇంటికి పొమ్మన్నాడు. ఇకమీదట తొడ పన్ను లేదని కూడా చెప్పించాడు. "మరి..." అని బావ ఏదో అడగబోతే అవ్వ ఆయన నోరు మూసి బయటికి లాక్కొచ్చింది.

దారిలో అవ్వ ముందు నడుస్తోంది. బావ నా పక్కకు వచ్చాడు.

"బామ్మర్దీ, ఆడ నా పానం వోతుంటె నువ్వు కోడి మీద కాస్తివి గదరా?"

"ఔ బావా."

"నా మీద ఎందుకు గాయలేదుర?"

"కోడి ఓడితె తువ్వాలనే వోతది. నీ మీద కాసినంక నువ్వు ఓడితె..." అన్నాను. ఏడుపొచ్చింది. బావ నా మెడ మీద చెయ్యేసి ఊరు చేరేదాకా తియ్యలేదు.

ఆ తరువాత నేను ఏ పందెమూ కాయలేదు. తమ్ముడికి బుద్ధొచ్చిందని అక్క అందరికీ చెప్పుకునేది, నేనూ ఔననేవాణ్ని. నిజానికి ఆ రోజు చూసిన పందెం తరువాత మిగతావన్నీ నాకు చప్పగా తోచాయి. తువ్వాల ఊపుతూ అరిచిన ఆ పిలగాణ్ని ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. పాపం, ఎంత భయపడ్డాడో.