నాన్న చూపు కిందికి దిగలేదు

తాండూరులో ఒక కంటి దవాఖానాలో పరీక్షలు చేసే టెక్నీషియన్‌ని నేను. మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి మనిషిని కూడా. ఈ రోజు నాన్ననే నా కుర్చీలో కూర్చోబెట్టాను. నాపరాళ్ల గనిలో పనిచేసే మనిషి ఈ మధ్య మెట్ల దగ్గర తడబడుతున్నాడు. అన్నం అంగీ మీద పడుతోంది. అద్దాలు పెడితే సరిపోతుందనుకున్నాను.

బోర్డు మీద చివరి వరుస దాకా గుర్తులు ఎటు తిరిగాయో వేలితో సరిగ్గానే చూపించాడు.

"తల కదిలియ్యకు నాయినా, పెన్నునే జూడు," అన్నాను.

పక్కలకు కళ్ళు బాగానే తిరిగాయి. పెన్ను కిందికి దించితే గడ్డం దిగింది. గడ్డం కదలకుండా పట్టుకుని పెన్ను మళ్ళీ దించాను. కళ్ళు నా ముఖం దగ్గరే ఆగిపోయాయి.

నాన్న నవ్వాడు. "మీ అమ్మ జెప్పలే? బిడ్డకు నౌకరి దొర్కినప్పటిసంది నేను కిందికే జూస్తలేనంట. మస్తు గీర పెరిగిందంట!"

ఆరు నెలలుగా మా వాడకట్టంతా ఆ మాటే అంటుంటే నేనూ మురిసిపోయాను.

డాక్టరమ్మ అదే పరీక్ష మళ్ళీ చేసి, నవ్వకుండా, "కళ్ళు కిందికి దిగకనే మెట్ల దగ్గర ఆ తడబాటు. ఇది కంటి జబ్బు కాదు, మెదడుది కావచ్చు," అని హైదరాబాద్‌లో మెదడు డాక్టరుకు చీటీ రాసింది. "అద్దాలేవి బిడ్డా?" అని నాన్న దారంతా అడుగుతూనే ఉన్నాడు.

మీ ఇంట్లో కూడా ఎవరికైనా గీర పెరిగిందని నవ్వుకుంటున్నారా? ఒక్కసారి పెన్ను కిందికి దించి చూడండి.