బాగుండకూడని బొమ్మలు

బెంగళూరు మహదేవపురలో మా ఫ్లాటుకి బాల్కనీ పెద్దది. ఉద్యోగం మానేసి బొమ్మలే వేసుకుంటానని నేను పంతం పట్టినప్పుడు మా ఆయన దానికి గాజు తలుపులు పెట్టించి నాకిచ్చేశాడు. మొదట్లో బాగానే వేశాను. ఆ తర్వాత ఒక ప్రదర్శన కుదిరింది. అంతే, చెయ్యి బిగుసుకుపోయింది. వాన మీద ఒక పెద్ద కాన్వాసు మొదలుపెట్టి నెలల తరబడి దాన్నే వేస్తూ, గీకుతూ కూర్చున్నాను. ఇంట్లో మాటలు కూడా తగ్గిపోయాయి. నీళ్ల ట్యాంకరు వచ్చిందా, పనమ్మాయి వచ్చిందా, అంతవరకే.

అలాంటి రోజుల్లో ఒక దర్శకురాలు ఫోన్ చేసింది. కాటన్‌పేటలో తాతల నాటినుంచీ బట్టల వ్యాపారం చేస్తున్న తెలుగువాళ్ల అమ్మాయి. కన్నడంలో తన మొదటి సినిమా తీస్తోంది. కామెడీ. కథానాయకుడు ఒక చిత్రకారుడు. బొమ్మ కుదరదు, భార్య పుట్టింటికి వెళ్లిపోతుంది.

"మా హీరో ఉండాడు కదా, ఆయప్ప వేసే బొమ్మలు కావల్ల అక్కా. చెడ్డగా ఉండల్ల," అంది.

బాగా వెయ్యడం కదా కష్టం, చెడగొట్టడానికేముంది అనుకుని ఒప్పుకున్నాను. రెండు బొమ్మలు వేసి ఫోన్లో ఫొటోలు పంపాను.

"చానా బాగుండాయి అక్కా. బాగుండకూడదు కదా!"

ఈసారి మెల్లకన్ను గుర్రాన్నీ, మీసాలున్న మామిడిపండునీ వేశాను. అవీ నచ్చలేదు.

"ఇవి నవ్వించేదానికి వేసినట్ల ఉండాయి. ఆయప్ప పాపం నిజంగానే ట్రై చేసి చెడగొట్టల్ల. సీరియస్‌గా ఉంటేనే కామెడీ."

వివరంగా చెబుతానని తర్వాతి ఆదివారం తనే మా ఇంటికి వచ్చింది. మా ఆయన కాఫీలు పట్టుకొచ్చాడు. ఆ అమ్మాయి మాట్లాడుతూ మాట్లాడుతూ బాల్కనీలోకి నడిచి, ఠక్కున ఆగిపోయింది.

"ఇదే! అక్కా, ఇదే! ఇంత కరెక్ట్‌గా ఎట్ల వేసినారు?"

ఆమె వేలు నా వాన బొమ్మ వైపు ఉంది.

"అది నా ప్రదర్శన కోసం," అన్నాను.

ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది. నా వెనక మా ఆయన నోట్లో కాఫీ బయటికి చిమ్మింది. ఆపుకుందామని చూశాడు గాని వల్లకాలేదు. "సారీ అక్కా, సారీ," అంటూ ఆమె లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి పారిపోయింది.

"ఎందుకు నవ్వావు?" అని మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

"నాకూ చాలా రోజులుగా అలాగే అనిపిస్తోంది," అన్నాడు తల వంచుకుని.

"మరి చెప్పలేదేం?"

"చెబితే మొత్తానికే మానేస్తావని భయం. చెప్పకపోతే దాన్ని వదలవు. ఏం మాట్లాడాలో తెలియక ట్యాంకరు గురించి మాట్లాడుతున్నాను."

ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, నాకు ఉద్యోగం మానేయాలన్న కోరిక తప్ప బొమ్మలు వేసే శక్తి లేదేమోనని ఎంత భయపడుతున్నానో మొదటిసారి బయటపెట్టాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని విన్నాడు. ఆ పూట వంట చెయ్యలేదు. బిరియానీ తెప్పించుకుని, దాన్ని తింటూ కాన్వాసు వైపు చూస్తే ఎందుకో నాకూ నవ్వొచ్చింది. నిజంగానే ఘోరంగా ఉంది.

మర్నాడు ఆ అమ్మాయికి ఫోన్ చేసి వాన బొమ్మనే తీసుకోమన్నాను. షూటింగు కాటన్‌పేటలో వాళ్ల అవ్వ ఇంట్లోనే. బట్టల బేళ్లు దించుతున్న లారీలతో సందు నిండిపోయి మా కారు లోపలికి పోలేదు. దుప్పట్లో చుట్టిన కాన్వాసుని చెరోవైపూ పట్టుకుని, జనాన్ని తప్పుకోమంటూ మోసుకెళ్లాం. మా ఆయన అందుకోసమే సెలవు పెట్టాడు.

నడవలో తగిలించగానే అవ్వ వక్కాకు నములుతూ వచ్చి నిలబడింది.

"ఏమ్మా, ఈయమ్మ ఎందుకంత కోపంగా ఉండాది?"

"ఏ అమ్మ అవ్వా?"

"ఈ చీర కట్టుకున్నామె."

"అది మనిషి కాదవ్వా, వాన."

అవ్వ ఇంకాస్త దగ్గరికి జరిగి చూసింది.

"వానకి ముక్కెందుకుండాది?"

చూస్తే నిజమే, ముక్కుంది. దర్శకురాలు పరిగెత్తుకొచ్చి ఆ మాటను అక్కడికక్కడే కన్నడంలో రాసుకుని భార్య పాత్రకి ఇచ్చేసింది.

సినిమాకి ఇంకా కొన్ని బొమ్మలు బాకీ ఉన్నాయి. అవి వేస్తున్నప్పుడు చెయ్యి తేలికైంది. ఎవరో చూస్తారని, ఏదో అంటారని దిగులు లేదు. కాటన్‌పేట సందునీ, లారీల్నీ ఒక్క మధ్యాహ్నంలో వేసి పంపితే, "ఇది పనికిరాదు అక్కా, బాగుండాది," అని తిప్పి పంపింది. ఆ మాట పట్టుకుని చాలాసేపు ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. ప్రదర్శనవాళ్లకి ఈ ఏడు కాదని చెప్పేశాను.

సినిమా విడుదలయ్యాక ఒక మాల్‌లో చూశాం. హాలు సగమే నిండింది. నా వాన తెర మీదికి వచ్చేసరికి కుర్చీలో కిందికి జారి కూర్చున్నాను. ముక్కు డైలాగు పడగానే హాలంతా పగలబడి నవ్వింది. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. మా ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు.

నవ్వులు తగ్గాక వెనక వరసలో ఒకావిడ తెలుగులో పక్కవాళ్లతో, "పాపం, ఎంత కష్టపడి వేసుంటాడో," అంది.

మా ఆయన గర్వంగా వెనక్కి తిరిగి, "వేసింది ఈవిడేనండీ," అనబోయాడు. చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లాను.