సూర్యారావు అన్న చేరుకోని మంచుకొండల సరస్సు

సూర్యారావు అన్న ఇక లేడన్న వార్త నాకు ముసఫ్ఫాలో, వర్క్‌షాపులో వెల్డింగ్ పనిలో ఉండగా చేరింది. ఫోన్ చేసింది ఆయన భార్య నాగమణి వదిన. "మీ అన్న డ్యూటీలో పడిపోయారంట మరిదిగారూ. ఆసుపత్రోళ్ళు ఖలాస్ అంటన్నారు. ఖలాస్ అంటే... అదే కదా?" అని అడిగింది. వెల్డింగ్ మంట ఆర్పేసి, "అదే వదినా" అన్నాను. విశాలమైన ఆ హృదయం, షార్జాలో ఒక భవనం పైకప్పు మీద, లిఫ్ట్ బాగుచేస్తుండగా హఠాత్తుగా ఆగిపోయిందట.

అన్నది నరసాపురం దగ్గర సముద్రతీరం, చేపల వేటే కులవృత్తి. నాది జగిత్యాల పక్క పల్లె. దుబాయ్ వచ్చిన కొత్తలో షార్జా రోలాలోని ఒకే గది మమ్మల్ని అన్నదమ్ములను చేసింది. వదిన అజ్మాన్‌లో ఒక ఇంట్లో వంట చేసేది. వారాంతపు సెలవు దొరికితే ముగ్గురం అజ్మాన్ తీరంలో గాలం వేసుకుని కూర్చునేవాళ్ళం. చేప పడలేదని నేను విసుక్కుంటే, "గాలమేసినోడు చేపనీ తొందరపెట్టకూడదు, పక్కోణ్ణీ తొందరపెట్టకూడదెహె" అని మందలించేవాడు.

ఒకసారి లిఫ్ట్ పనికి వెళ్ళిన చోట, గోడ మీది ఫోటో ఆయనను కట్టిపడేసింది. చుట్టూ ధవళ శిఖరాలు, నడుమ నీలి సరస్సు, మోకాలి లోతు నీళ్ళలో నిలబడిన మనిషి, అతని చేతిలో ఒళ్ళంతా చుక్కలున్న చేప. దానిని ట్రౌట్ అంటారనీ, చల్లని నీళ్ళలో తప్ప బతకదనీ, జార్జియా దేశపు కొండల్లో దొరుకుతుందనీ ఆ ఇంటాయన చెప్పాడు. నాటినుంచి అన్న మాటల్లో ఆ సరస్సు తప్ప మరొకటి లేదు. "వెన్నెముక దాకా చలి పట్టిన చేప ఎంత తియ్యగా ఉంటదో! చింతపండు మాత్రం మనమే పట్టికెళ్ళాలి. ఆళ్ళకి పులుసు తెలీదు" అనేవాడు.

ఆ ప్రయాణ సన్నాహం ఒక తపస్సు. మండుటెండలో ఉన్నిటోపీ పెట్టుకుని తిరుగుతుంటే, "బుర్ర ఉడికిపోద్ది, తియ్యండి" అని వదిన కసిరేది. "అలవాటవ్వాలే" అనేవాడు చెమట తుడుచుకుంటూ. ట్రౌట్‌కు ఎరగా ఈకలతో చేసిన ఉత్తుత్తి ఈగను విసరడం నేర్చుకోవాలని, సముద్రానికి వీపు పెట్టి, ఇసుక మీదికి గాలం విసిరేవాడు. దారినపోయే ఒక బెంగాలీ జాలిపడి, సముద్రం వైపు చూపిస్తూ, "భాయ్, పానీ ఉధర్ హై" అన్నాడు. "మాలూమ్ హై భాయ్. యే దూస్రే పానీ కా ప్రాక్టీస్ హై" అని, ఇది వేరే నీళ్ళకు సాధన అన్నట్టు, అన్న గంభీరంగా బదులిచ్చాడు. ఆ రోజు వదిన కడుపు పట్టుకుని నవ్వింది.

పోయిన ఏడాది టికెట్లు కూడా తీసుకున్నారు. ఇంతలో ఐకాడ్ పారిశ్రామికవాడలో, మా కూలీల క్యాంపులో, మా ఊరి రాజేశం నిద్రలోనే పోయాడు. శవం వెంట వెళ్తానంటే నాకు సెలవివ్వలేదు. రాజేశం ముఖమైనా ఎరుగని అన్న తన సెలవును అందుకు వాడుకుని, నేను పుట్టిన పల్లెకు బయలుదేరాడు. "మరి నీ సరస్సు ఏమైతదే అన్నా?" అని ఏడ్చాను. "చేపలెక్కడికి పోతాయిరా? ఆ తల్లి ముందు పెట్టె దించేటప్పుడు మనోడొకడు ఉండొద్దా?" అన్నాడు. వదిన తను బతిమాలి తెచ్చుకున్న సెలవును మారుమాట లేకుండా వదులుకుంది. అక్కడ అన్న కర్మకాండ ముగిసేదాకా ఉండి, రాజేశం తల్లికి కొడుకై అన్నం తినిపించి వచ్చాడట. ఈ సంగతి ఊరివాళ్ళు చెబితే తెలిసింది. ఆయన నోట ఏనాడూ వినలేదు.

ఈసారి మళ్ళీ అన్నీ కుదిరాయి. చలికోట్లు కొన్నారు. కొండ కింద ఒక ముసలమ్మ ఇంట్లో గది మాట్లాడుకున్నారు. నన్నూ రమ్మన్నారు. ప్రయాణం రేపోమాపో అనగా మృత్యువు ఆయనను ఎత్తుకుపోయింది.

కాగితాల పని ముగిసి, అన్న పెట్టె సరుకుల వైపు తరలిపోయాక, షార్జా విమానాశ్రయంలో వదినను సాగనంపడానికి వెళ్ళాను. ఆమె ఏడవడం లేదు. టికెట్‌ను మడతపెడుతూ, విప్పుతూ కూర్చుంది. పిలుపు వచ్చినప్పుడు లేచి, నా చేయి పట్టుకుని అంది: "ఆయనకి సెలవిస్తే నాకివ్వరు, నాకిస్తే ఆయనకుండదు. పెళ్ళయ్యాక ఇద్దరం ఒకే విమానం ఎక్కడం ఇదే మొదలు మరిదిగారూ. ఆయన కింద, నేను పైన."

అన్నా! పరుల దుఃఖాన్ని నీ భుజాన మోసిన పుణ్యాత్ముడివి. నీలాంటి మనిషి ఈ ఎడారిలో మాకిక దొరకడు. నీకు ఈ తమ్ముడి అశ్రుతర్పణం. వదిన తలుపు దాటిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.